మా వైరస్సా, మీ వైరస్సా

నా పెండ్లి ముచ్చట ఎవలు అడిగినా నేను పుసుల కాడికెళ్లే మొదలువెడ్త. వినెటోళ్లు "ఛీ" అంటరు. అననియ్యిండ్రి. ఆ యేడు ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడల జనం కండ్లకు పుసులు కట్టకపోతే నాకు ఈ ఇల్లు లేకపోతుండె, ఈ మనిషి లేకపోతుండె. అందుకే నాకు పుసులంటే ఇప్పటికీ గౌరవమే.

అప్పుడు నేను కరీంనగర్ల ఒక వైరస్ లాబుల టెక్నీషియన్‌ను. కొత్త కొలువు, తెల్లకోటు, మెడల కార్డు. మా అవ్వ లెక్కల నేనే పెద్ద డాక్టర్‌ను. ఆ వానకాలం కండ్లకలక ఊర్లకు ఊర్లనే పట్టుకున్నది. బస్టాండ్ల సూస్తే నల్లద్దాలు, కూరగాయల మార్కెట్ల సూస్తే నల్లద్దాలు. మా లాబు ముంగట చాయ్ అమ్మెటాయన కూడ నల్లద్దాలు పెట్టుకొని సగం చాయ్ కప్పుల, సగం మా చేతుల మీద పోస్తుండె. కాలుతుంటే మేం ఎగురుడు, ఆయన "సారీ బిడ్డా, కనవడ్తలేదు" అనుడు. రోజుకు రెండుమార్లు ఇదే కథ.

జనానికి అదంత ఒక్కటే కండ్లకలక. మాకు కాదు. కండ్లను ఎర్రగ చేసే వైరస్‌లు శానున్నయి. అడినో అని ఒక జాతి ఉంటది. అది నిమ్మలంగ వచ్చి, నిమ్మలంగ పోతది, పోతపోత కొందరికి సూపు మసక చేసి పోతది. ఎంటిరో అని ఇంకో జాతి. అండ్ల కాక్సాకీ అనేదొకటి ఉంటది, దానికి ఆగుడు తెల్వది. ఇయ్యాల ఒక్కరికొస్తే రేపటికి ఇల్లంత ఎర్రగైతది, వారం తిరిగేసరికి అందరికీ తక్కువైతది. ఏది తిరుగుతున్నదో తెలిస్తే డాక్టర్లు దానికి తగ్గట్టు చెప్తరు: ఎన్ని దినాలు దూరముండాలె, ఎవలు జర భద్రంగ ఉండాలె, ఏ మందు దండుగ అని. మా పని గదే. వచ్చినదాని పేరు కనుక్కునుడు.

ఎట్ల కనుక్కుంటమంటే, కింది రెప్పను బొటనవేలుతోని కిందికి గుంజి, సన్నటి దూది పుల్లను లోపలి గులాబి తోలు మీద మెల్లగ దొర్లియ్యాలె. ఆ పుల్లను మందు నీళ్ల గొట్టంల ముంచి, మిగిలిన కాడను పుటుక్కున ఇరిచి, మూత బిగించి, ఐసు డబ్బాల పెట్టాలె. లాబుకు తెచ్చి దానిలకెళ్లి వైరస్ సారం తీసి మిషన్ల పెడితే, తెర మీద ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క గీత నడుస్తది. వైరస్ ఉంటే ఆ గీత లేస్తది. లేకపోతే నేల మీదనే పండుకుంటది. ఏ వైరస్ కోసం పెట్టిన గీత లేస్తే ఆ వైరస్ దొరికినట్టు. గీత లేస్తుంటే నాకు ప్రాణం లేసొస్తుండె. ఒక్కోసారి లాబుల ఒక్కదాన్నే ఉన్నప్పుడు చప్పట్లు కొడుతుంటి.

మా అవ్వకు మాత్రం ఇదంత గుండెల మంట. "పెండ్లి కావల్సిన పిల్లవు, ఎవల కండ్లల్లనో పుల్లలు పెట్టుడేందే" అని ఒకటే పోరు. ఆమె బాధ ఆమెది. ఒక సంబంధమోళ్లు వచ్చి, నా కొలువు సంగతి విని, నేనిచ్చిన చాయ్ ముట్టకుంటనే లేసిపోయిండ్రు. రోగాలతోని పనిచేసే పిల్ల చేతి చాయ్ తాగుతరా అని తొవ్వల అనుకుంట పోయిండ్రట. నాకు కోపమొచ్చింది గని, ఆ చాయ్ నేనే తాగిన. మంచిగనే ఉండె.

ఇగ ఇచ్చోడ సంబంధం. మాది సిరిసిల్ల, బాపు సాంచెలు నడిపిస్తడు. సాంచెలంటే కరెంటుతోని నడిచే మరమగ్గాలు. వాళ్లూ మా కులపోళ్లే, తాతల కాలంల మా దిక్కుకెళ్లే పోయి ఇచ్చోడ రోడ్డు మీద బట్టల దుకాణం పెట్టుకున్నరు. ఊరంత కండ్లకలక ఉన్నది గనుక పిల్లగాని తల్లి ముందుగాల్నే ఫోన్ల కరాఖండిగ చెప్పింది: "కండ్లు బాగున్నోళ్లే కూసోవాలె. నల్లద్దాలు పెట్టుకొని సూసుడైతే మాకొద్దు. పిల్ల కండ్లు మేం సూడాలె, మా కండ్లు మీరు సూడాలె." మా అవ్వ సరేనన్నది.

శ్రావణంల ఒక మంచిరోజు సూసుకొని తల్లి, తండ్రి, పిల్లగాడు వచ్చిండ్రు. అవ్వ వాకిట్ల నీళ్లిచ్చి తువ్వాల అందించింది. లోపట కూసున్నరు. తల్లి మాటల మరాఠీ కలుస్తది, ప్రతిదానికి అమ్మో అన్నట్టు "అగ్గబాయి" అంటది. నన్ను కిందికెళ్లి మీదికి సూసి, "అగ్గబాయి, మంచిగున్నది" అన్నది. తండ్రి తలకాయ వంచుకొనే కూసున్నడు. పిల్లగాడు మాత్రం నేను చాయ్ ఇస్తుంటే తలెత్తి అడిగిండు, "వైరస్ కంటికి కనవడదు గదా. మరి దాని పేరు మీకెట్ల తెలుస్తది?"

అప్పటిదాక నన్ను సూడవచ్చినోళ్లు వంట వస్తదా, జీతమెంత అని అడిగిండ్రు గని ఈ ముచ్చట ఎవ్వలు అడగలే. ఇగ నేను ఆగుతనా! ఒక్కొక్క వైరస్ లోపట ఒక్కొక్క తీరు రాత ఉంటదని, ఆ రాతల ఒక ముక్క మాకు ముందే తెలుసని, ఆ ముక్కకు అతుక్కునే మందు వేసి సూస్తమని, అతుక్కుంటనే గీత లేస్తదని, చేతులు తిప్పుకుంట చెప్పవడితి. అవ్వ ఎనకకెళ్లి నా జడ గుంజుతున్నది, నేను ఆగుతలేను. పిల్లగాడు అంత విని, "అంటే మేం చీర అంచు సూసి ఇది ఏ ఊరి నేతనో చెప్తం గదా, గట్లనా?" అన్నడు. గట్లనే! పురాగ గట్లనే! మా లాబు పెద్ద డాక్టరమ్మ కూడ గింత సక్కగ చెప్పలే నాకు. నాకు ఆ మాటకే మనసు పడ్డది. మస్తు పడ్డది. దాసుడెందుకు, ఆ రోజే లోపట అనుకున్న, చేసుకుంటే ఈయననే చేసుకోవాలె అని.

వాళ్లు సంతోషంగ తిని పోయిండ్రు. నేను మూడు దినాలు లాబుల పాటలు పాడుకుంట తిరిగిన. నాలుగోనాడు నేను ఇంటికొచ్చిన్నాడు అవ్వ ఫోన్ మోగింది. స్పీకర్ల పెట్టింది. పిల్లగాని తల్లి.

"అగ్గబాయి, ఏం చెప్పాలె వదినా! నా కొడుకు కండ్లు పండు మిరపకాయలైనయ్. నాయీ అట్లనే. ఈయనవీ అట్లనే. దుకాణం బంద్ పెట్టినం. మీ పిల్ల ఆ లాబుల రోగాలన్ని పెయ్యికి పూసుకొని వస్తదేమో! నా కొడుకు కండ్లల్ల కండ్లు పెట్టి ఒకటే సూసుడు సూసింది, గందుకే అంటుకున్నది. మేం జర ఆలోచించుకుంటం."

సంబంధాల ముచ్చట్ల "ఆలోచించుకుంటం" అంటే అయిపోయిందన్నట్టే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కండ్లల్ల కండ్లు పెట్టి సూస్తే కండ్లకలక అంటుకోదు, చేతులకెళ్లి, తువ్వాలలకెళ్లి అంటుకుంటదని ఊరూరికి తిరిగి చెప్పేదాన్ని నేను! నాకే ఈ మాట! "నేను సూసిన, సూస్తే అంటదా? సూడవచ్చిందే గదా వాళ్లు!" అని ఇల్లంత లొల్లి పెట్టిన. అవ్వ ఏం అనకుంట మూలకు కూసున్నది. ఆమె నోరు మూసుకున్నదంటే ఏదో ఉన్నదన్నట్టే. "ఏందవ్వా?" అన్న.

మెల్లగ చెప్పింది. వాళ్లొచ్చిన నాడు పొద్దుగాల బాపుకు ఒక కన్ను ఎర్రగుండెనట. సాంచెల కార్ఖానాల అప్పటికే సగం మందికి ఉన్నది. సంబంధం ఆగిపోతదని అవ్వ సల్లనీళ్లతోని కడిగి కడిగి, కొంచెం తక్కువైందాక కడిగి, కూసోవెట్టిందట. ఆ వాకిట్ల తువ్వాల? బాపు అప్పుడే మొఖం తుడుచుకున్న తువ్వాలనే.

నేను నెత్తి పట్టుకున్న. నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది, రెండు కలిసి వస్తున్నయి. తెల్లారి బాపు కంట్లకెళ్లి నేనే పుల్ల తీసుకొని లాబుకు పోయిన. ఎంటిరో గీత ఠపీమని లేసింది. అప్పటికే లాబుకు వచ్చిన సిరిసిల్ల కార్ఖాన నమూనాలన్ని గదే. అయితే ఒక ఆశ మిగిలింది నాకు. ఇచ్చోడల తిరిగేది అడినో అయితే? రెండు జిల్లాలకు రెండు వేరే వైరస్‌లు ఉండొచ్చు గదా! అదే అయితే మా బాపు కన్నుకు, వాళ్ల కండ్లకు సంబంధమే లేదు. నా పెండ్లి నిలవడ్తది.

అప్పటికే ఆదిలాబాద్ దిక్కు కెళ్లి కూడ కేసులు మస్తుగ వస్తున్నయని, ఇచ్చోడ కాడ నమూనాలు తేవాలని మా డాక్టరమ్మ అనుకుంటున్నది. నేను పోత అన్న. "ఎందుకే గంత తొందర?" అన్నది. ఆమె ముంగట అబద్ధం నడువది, ఉన్నదున్నట్టు చెప్పిన. ఆమె కుర్చీల ఎనకకు పడి నవ్వింది. నవ్వీ నవ్వీ అద్దాలు తీసి కండ్లు తుడుచుకొని, "పో. గని ఒక్క మాట. ఏది తేలినా, తేలింది తేలినట్టు నీ నోటితోనే పోయి చెప్పాలె వాళ్లకు" అన్నది. నేను గంగిరెద్దు లెక్క తలకాయ ఊపిన. అప్పుడేం తెలుసు.

జీపుల నేను, డ్రైవర్, ఐసు డబ్బా. జగిత్యాల, నిర్మల్ మీదికెళ్లి పోయేసరికి వానకు గుట్టలన్ని పచ్చగ మెరుస్తున్నయి. బడి వరండల క్యాంపు. ముందురోజే పంచాయితీ ఆటోల మైకు పెట్టి చెప్పిండ్రట, కరీంనగర్ కెళ్లి మేడంలు వస్తున్నరు, కండ్లకలక ఉన్నోళ్లందరు రావాలె అని.

వచ్చిండ్రు. ఏం వచ్చుడు అది! స్నానాలు చేసి, నెత్తికి నూనె రాసి, పిల్లలకు బొట్టు పెట్టి, పండుగకు వచ్చినట్టు వచ్చిండ్రు. కండ్లు ఎర్రగున్నయి గని ఒక్క పుసి లేదు, ఒక్క చెమ్మ లేదు. నేను మాస్కు, టోపీ, కండ్లకు పెద్ద అద్దాలు, చేతులకు తొడుగులు, పురాగ మూటగట్టినట్టున్న. కన్నతల్లి కూడ గుర్తువట్టది. నాకు అప్పుడు అది సమజే కాలే, లైన్ల పిల్లగాని తల్లి నా ముంగట వచ్చి కూసునేదాక.

"ఏ ఊరు బిడ్డా మీది?" అన్నది ప్రేమగ.

"కరీంనగర్ దిక్కే అమ్మా" అన్న, గొంతు మార్చి.

"అగ్గబాయి, అటుదిక్కు పోయే మాకిది అంటుకున్నది! ఒక లాబు పిల్లను సూడవోయినం. ఏం చేసిందో ఏమో, గా పిల్లే అంటించింది. నా కొడుకేమో ఆ పిల్లనే చేసుకుంట అంటడు ఇంకా!"

చేసుకుంట అంటుండా! ఎనక లైన్ల పిల్లగాడు నిలవడ్డడు. గొంతు మార్చినా ఆయన గుర్తువట్టిండు. ఎర్రటి కండ్లు, సగం మూసుకపోయినయి, అయినా నవ్వుతుండు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకొని భుజాలు ఊపుకుంట నవ్వుతుండు. నాకు లోపట మాస్కు చెమటకు తడిసిపోయింది.

"రెప్ప కిందికి చేస్త, కదలద్దు అమ్మా" అన్న.

"తీయి బిడ్డా. శుద్ధంగ ఉన్నయ్ సూడు. మీరొస్తున్నరని తెలిసిన కాడికెళ్లి ధనియాల నీళ్లతోని కడుగుతనే ఉన్న. ఇంటింటికి పోయి అందరికీ చెప్పిన, మేడంలు అంతదూరం కెళ్లి వస్తున్నరు, పుసి కండ్లతోని పోవద్దు, మన ఊరు ఇజ్జత్ పోతది అని."

అంటే ఈ శుద్ధం అంత ఈమె పుణ్యమేనన్నట్టు! మర్యాదకు ఊరు ఊరే కండ్లు కడుక్కొని వచ్చింది. నేను కూడ కొత్తదాన్నే, ఎర్రగున్నయి గదా చాలు, వైరస్ ఉంటదిలే అనుకొని అందరి కండ్లల్ల పుల్లలు దొర్లిచ్చి, డబ్బా నింపుకొని ఖుషీగ వచ్చిన.

మిషన్ల పెడితే ఒక్క గీత లేవలే. అడినో లేవలే, ఎంటిరో లేవలే. తెరంత గీతలు నేల మీద పండుకున్నయి. మేం ప్రతి గొట్టంల మనిషి కణాలు ఉన్నయా లేవా అని కూడ ఒక పరీక్ష పెడతం, నమూనా సక్కగ తీసినమా లేదా తెలుసుకోనీకె. అది కూడ అడుగంటింది. అంటే గొట్టాలల్ల కన్నే లేదన్నట్టు, ధనియాల నీళ్లే ఉన్నట్టు! డాక్టరమ్మ తెర దిక్కు, నా దిక్కు సూసింది. "ఏం తెచ్చినవే? రసం పెట్టుకుందామా?" అన్నది. లాబుల అందరు బల్లలు పట్టుకొని నవ్విండ్రు. నేనూ నవ్విన గని, కండ్లకలక తక్కువైతే వైరస్ దొరకది. జల్ది పోవాలె.

రెండోసారి ఒకరోజు ముందే పోయి, పంచాయితీ ఆటోల నేనే ఎక్కి మైకు పట్టుకున్న. "అమ్మలారా, అయ్యలారా! రేపు పొద్దుగాల ఎవ్వలు మొఖం కడగద్దు! పుసులు తుడవద్దు! ధనియాల నీళ్లు వద్దు, గులాబ్ నీళ్లు వద్దు, తల్లిపాలు వద్దు, చుక్కల మందు వద్దు! ఎట్ల లేసినోళ్లు అట్లనే ఉండుండ్రి, మేమే మీ ఇంటికొస్తం!" జనం వాకిళ్లల్లకొచ్చి నవ్వుతున్నరు. ఒక ముసలాయన కట్టె పట్టుకొని ఆటో ఎంట నడుచుకుంట, "నోరు కడగొచ్చా?" అని అడిగిండు. నోరు కడుక్కోవచ్చని మైకుల చెప్పిన. డ్రైవర్ స్టీరింగ్ మీద తలకాయ పెట్టి నవ్వవట్టిండు.

తెల్లారంగ వాళ్ల ఇంటికి పోయిన. తల్లి వాకిట్ల నిలవడ్డది, మొఖం కడగలే, చేతులు ఎటు పెట్టుకోవాలెనో తెల్వక కొంగు పిసుకుతున్నది. ఆమెకు జన్మల మొదటిసారి అట్ల ఒకరి ముంగట నిలవడుడు. నాకు ఆ దాపరికం ఇగ మంచిగనిపియ్యలే. మాస్కు దింపి, "అమ్మా, ఆ లాబు పిల్లను నేనే" అన్న.

"అగ్గబాయి!" అని గడపల కూలవడ్డది. ఆనాడు బడి వరండల నాతోని ఏమేమి మాట్లాడిందో అన్నీ గుర్తుకొచ్చినట్టున్నయి, మొఖం కూడ కండ్ల తీరే ఎర్రగైంది. గని ఆమె కూడ తక్కువ తినలే. జరసేపటికి లేసి, "మంచిగైంది. తీయి. మీ రోగమా, మా రోగమా తేలనియ్యి. వేరేదైతే నేనే పండ్లు పట్టుకొని మీ ఇంటికొస్త. మీదే అయితే ఈ గడప మల్ల తొక్కద్దు. నా కొడుకుకు నేను నచ్చజెప్పుకుంట" అన్నది.

"సరే" అన్న.

ముందుగాల ఆమెది, తండ్రిది తీసిన. వాళ్లకు తక్కువ పడ్డది గని ఇంక సుర్రుమంటనే ఉన్నదట. ఆఖరికి పిల్లగాడు. ఆయనకు ఇంక తక్కువ కాలేదట, రెప్పలు రెండూ అతుక్కపోయినయి. గోడ తడుముకుంట వచ్చి కుర్చీల కూసున్నడు. జుట్టు లేసున్నది, బనీను తిరగేసి తొడిగిండు, కండ్లల్ల ఇంత పసుపు పచ్చటి పుసులు. నా జన్మల గంత అందమైన పుసులు నేను సూడలే. ఏ పుస్తకంల బొమ్మ కూడ అట్ల ఉండది!

తడి దూదితోని రెప్పలు మెల్లగ ఇడదీసిన. కన్ను తెరిచి నన్ను సూసి, "ఎట్లున్న?" అన్నడు.

"నమూనా మస్తున్నది" అన్న.

"మనిషి?"

"కదలకుండ్రి. పుల్ల గుచ్చుకుంటది."

ఆయన నవ్వుతుంటే రెప్ప కదులుతున్నది, నాకు నవ్వొస్తుంటే చెయ్యి కదులుతున్నది. రెండుమార్లు పట్టుకున్న రెప్ప జారిపోయింది. లోపటికెళ్లి తల్లి, "ఏందిరా ఆ ఇకఇకలు, రోగం తీస్తున్నరా, పరాచకాలాడ్తున్నరా?" అని కోపం చేసింది. మూడోసారి ఊపిరి బిగవట్టి, పుల్ల దొర్లిచ్చి, గొట్టంల ముంచి పుటుక్కున ఇరిచిన. ఆ సప్పుడుకు ఇద్దరం ఒక్కసారే ఊపిరి ఇడిచినం.

కరీంనగర్ దాక ఐసు డబ్బాను కింద పెట్టలే, ఒళ్లెనే పెట్టుకొని కూసున్న. లాబుల ఆ రోజు మిషన్ ముంగట కూసొని మొక్కిన. నాకు ఎరుకున్న దేవుండ్లందరికీ మొక్కిన. అడినో లేవాలె, అడినో లేవాలె, ధర్మపురి నర్సింహస్వామీ, ఒక్కసారి అడినో లేపు, కొబ్బరికాయ కొడ్త. మనిషి కణాల గీతలు మంచిగ లేసినయి. అంటే ఈసారి నమూనాలు మంచియి. తర్వాత ఒక గీత కదిలింది. తల లేపింది. ఇంకోటి లేసింది. అన్నీ జామ్మని లేసినయి, ఇచ్చోడ ఇండ్లన్ని, పిల్లగాని కన్ను, తల్లి కన్ను, తండ్రి కన్ను.

ఎంటిరో.

ఏ గీతలు లేస్తే చప్పట్లు కొట్టెదాన్నో, ఆ గీతలను సూసి మొదటిసారి తల బల్లకు ఆనిచ్చిన. ఇంక ఒక సన్న ఆశ ఉండె, ఎంటిరోల కూడ రకాలుంటయి గదా అని. పెద్ద లాబుకు పంపినం, అక్కడ దాని రాత మొత్తం సదివి చెప్తరు. వాళ్లు కూడ గదే చెప్పిండ్రు. సిరిసిల్లది కాక్సాకీ, ఇచ్చోడది కాక్సాకీ. రెండూ ఒక్క తీరువే. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యేసి, "ఈ వానకాలం అంతట ఇదే తిరుగుతున్నది. ఒకటే అయినంత మాత్రాన మీరే ఇచ్చిండ్రని కాదు" అన్నది. "మేం ఇయ్యలేదని కూడ కాదు గదా మేడం" అన్న. ఊర్లను వట్టుకొని తిరిగేదాని పేరు మొదటిసారి మా జిల్లాలకు తెలిసింది, లాబుల లడ్డూలు పంచిండ్రు. నా లడ్డూ చాయ్ అమ్మెటాయనకు ఇచ్చిన.

ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కి ఇచ్చోడ పోయిన. అవ్వకు చెప్పలే. దుకాణం తెరిచున్నది. తల్లి గద్దె మీద కూసొని ఎవలికో పరికిణీ బట్ట కొలుస్తున్నది. కండ్లు తేటగైనయి, మంచిగున్నయి. నన్ను సూసి గజం కట్టె ఆపింది.

"ఏం తేలింది?"

ఎట్ల చెప్పాలె, ముందుగాల ఏమనాలె అని తొవ్వంత అనుకున్న మాటలు అన్నీ మాయమైనయి. "ఒకటే అత్తమ్మా" అన్న. నోరు జారి అత్తమ్మ అన్న. నాలుక కర్సుకున్న. "రెండూ ఒకటే. మీరు మా ఇంటికొచ్చిన నాడు మా బాపుకు ఒక కన్ను ఎర్రగుండెనట. నాకు తర్వాత తెలిసింది. తువ్వాల కూడ ఆయన తుడుచుకున్నదే. మేమే ఇచ్చినట్టు ఉండొచ్చు."

బట్ట కొనవచ్చినామె నా దిక్కు, ఆమె దిక్కు సూస్తున్నది. తల్లి గజం కట్టె పక్కకు పెట్టింది.

"నీ లాబు ముచ్చట నాకేమన్న సమజైతదా? వేరేదని చెప్తే నేను నమ్ముదును గదా."

"నమ్ముదురు."

"మరెందుకు చెప్పలే?"

"వేరేదని చెప్దామనే బస్సెక్కిన. జగిత్యాల దాక అదే అనుకున్న. నిర్మల్ దాటినంక నోరు రాదని తెలిసింది." "పోత నేను" అన్న. ఎనకకు తిరిగిన.

"ఆగు" అన్నది.

గద్దె దిగొచ్చింది. లోపలి గది దిక్కు ఒకసారి సూసింది, అక్కడ తండ్రి పగటి నిద్రల ఉన్నడు, గురక వినవడ్తున్నది. నా చెయ్యి పట్టుకొని దగ్గరికి గుంజి, చెవుల చెప్పినట్టు అన్నది:

"మీ ఇంటికొచ్చిన నాడు పొద్దుగాల మా ఈయన కండ్లు నిప్పులోలె ఉండె. రెండూ! ముహూర్తం తప్పిపోతదని నేనే చుక్కల మందు పోసి, కడిగి కడిగి, మీ ఇంట్ల తలకాయ లేపినవంటే సూడు అని చెప్పి తీస్కొచ్చిన. మీ అవ్వకు ఫోన్ల అన్ని మాటలన్న గదా, అవన్ని అనేటప్పుడు నాకు ఎరుకనే."

నేను ఆమె మొఖం సూసిన. ఆమె నా మొఖం సూసింది. ఎవలు ముందు నవ్విండ్రో నాకు గుర్తులేదు. ఇద్దరం ఒకరి భుజాలు ఒకరం పట్టుకొని, ఆగలేక, ఊగి ఊగి నవ్వినం. బట్ట కొనవచ్చినామె ఏం సమజుగాక తనూ నవ్వవట్టింది. చీరల ఎనక కెళ్లి పిల్లగాడు వచ్చిండు. అంత విన్నడో ఏమో, తల్లి దిక్కు, నా దిక్కు సూసుకుంట అట్లనే నిలవడ్డడు.

ఆమె నా చెయ్యి ఇడువకుంటనే లోపటి దిక్కు తిరిగి కేకేసింది.

"ఏమయ్యా! లెవ్వు! ఎంతసేపు పంటవ్? పంతులుకు ఫోన్ చెయ్యి, నా కోడలొచ్చింది!"

నేను ఆ బట్ట తానుల మీదనే కూలవడి ఏడ్సిన.